కిటికీ వ్యాసం

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఇద్దరం ఇంగ్లీషుకు కూర్చున్నాం, నేనూ నా కూతురు చిట్టీ. కూతురు చదువుకుంటే ముచ్చట, తల్లి చదువుకుంటే తమాషా. మా అత్తగారికి ఆ తమాషా బాగా నచ్చింది. రోజూ సాయంత్రం టీ గ్లాసు పట్టుకుని ఎదురు కుర్చీలో కూర్చుని, "ఏమే కోడలా, హాజరు పలికావా?" అని అడిగేది.

నేను పసిపిల్లల్ని చూసుకునే చోట ఆయాగా పని చేసేదాన్ని. తల్లులు పొద్దున్నే ఆఫీసులకు పోతూ పిల్లల్ని దించిపోతారు, సాయంత్రం వచ్చి తీసుకుపోతారు. అందులో నాది నడక రాని పిల్లల గది. ఒకడు పాకుతుంటే ఒకతి బోర్లా పడుతుంటుంది, ఇంకొకడు నా భుజం మీదే నిద్రపోతానని మొండికేస్తాడు. ఆ గదిలో అడుగు పెడితే నాకు ఇంకేమీ గుర్తుండేది కాదు. గుర్తుండకపోవడం నాకు చాలా అవసరమని ఆ పనిలో చేరిన కొత్తలోనే తెలిసింది. అందుకే ఎన్ని ఉద్యోగాలు ఎదురొచ్చినా ఆ గది వదల్లేదు.

వేసవి మొదట్లో పెద్ద మేడం పిలిచింది. పైనుంచి కొత్త రూలు వచ్చిందట. పసిపిల్లల గదిలో ఉండేవాళ్లకు హైస్కూలు సర్టిఫికెట్ ఉండి తీరాలట. వానలు మొదలయ్యేలోగా తెచ్చుకోమంది.

"నావి అన్నీ పాసే మేడం. ఒక్క ఇంగ్లీషే తప్పాను," అన్నాను.

"ఒక్కటే కదా, రాసెయ్," అంది, కూరలో ఉప్పు తగ్గితే వేసెయ్ అన్నంత తేలిగ్గా.

ఆ ఒక్కటే నాకు కొరకరాని కొయ్య. రెండుసార్లు తప్పాక మా నాన్న పుస్తకాలు అటక మీద పడేసి పెళ్లి చేశాడు. ఆ తర్వాత ఇంగ్లీషుతో నాకు మందుసీసాల మీద తప్ప పని పడలేదు.

చిట్టి సంగతి వేరు. అది బాగానే చదువుతుంది. సరిగ్గా పరీక్షలకు ముందు మెట్ల మీద జారి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. నోటితో చెప్పి మిగతావన్నీ రాయించుకుంది కానీ ఇంగ్లీషు వ్యాసం ఎవరి చేత్తో వాళ్లే రాయాలన్నారు. నర్సింగ్ కాలేజీ వాళ్లు, ఇంగ్లీషు మార్కులు తెచ్చుకుంటే సీటు ఉంచుతామని చెప్పారు. అలా తల్లికీ కూతురికీ ఒకే గండం వచ్చింది, దాటడానికి ఒకే పడవ దొరికింది. ఇంట్లో కూర్చునే చదువుకునే బడి అది. పాఠాలూ పరీక్షా అన్నీ కంప్యూటర్లోనే. మా ఆయన ఫ్రిజ్‌లు బాగుచేస్తారు. ఆయన దగ్గర పని చేయించుకునే ఆఫీసాయన ఒకరు పాత లాప్‌టాప్ ఇస్తే దాన్ని ఇస్త్రీబల్ల మీద పెట్టుకుని ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం.

మొదటి రోజే తెరలోంచి టీచరమ్మ నన్ను చూసి, "మీరు కాస్త పక్కకు జరగండమ్మా, పిల్లని చదువుకోనివ్వండి," అంది.

చిట్టి పకపకా నవ్వింది. "మా అమ్మ కూడా స్టూడెంటే టీచర్," అని చెప్పింది. టీచరమ్మ ముఖం చూడాలి! నా కూతురికన్నా నాలుగేళ్లు పెద్దదై ఉంటుందేమో, అంతే. సారీలు చెప్పి చెప్పి అలిసిపోయింది. మా అత్తగారు మాత్రం ఆ రోజు నుంచి నన్ను "పక్కకు జరుగు స్టూడెంటూ" అని పిలవడం మొదలుపెట్టింది.

చదువు నాకు ఎక్కలేదని చెబితే అబద్ధమవుతుంది. ముక్కుతూ మూలుగుతూ ఎక్కింది. పొద్దున పిల్లలకు పాలు పడుతూ లోపల్లోపల ఇంగ్లీషు మాటలు వల్లె వేసేదాన్ని. ఎవరూ నన్ను తప్పు పట్టని చోటు ఆ గది ఒక్కటే. పిల్లలు ఎంత తప్పు ఇంగ్లీషుకైనా నవ్వేవాళ్లు.

ఒకరోజు టీచరమ్మ ఒక చిన్న పద్యం చెప్పింది. అందులో ఒక ఆడమనిషి రోజంతా కిటికీ తెరిచిపెట్టుకుని కూర్చుంటుంది. పొద్దు వాలాక లేచి కిటికీ మూస్తుంది. అంతే పద్యం.

"ఆమె కిటికీ ఎందుకు మూసింది?" అని అడిగింది టీచరమ్మ. తెర నిండా గళ్లుగళ్లుగా ఉన్న పిల్లలు పుస్తకాలు తిరగేశారు.

నేను చెయ్యి ఎత్తాను. "చలేసి ఉంటుందండీ," అన్నాను.

అందరూ నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. "చలి బయట ఉందా, లోపల ఉందా? మీ ఇంట్లో కూడా ఎవరైనా అలా కిటికీ మూసిన రోజు ఉందేమో ఆలోచించండి," అంది. తర్వాత చివరి పని చెప్పింది. జీవితంలో మర్చిపోలేని ఒక రోజు గురించి ఎవరికి వాళ్లు వ్యాసం రాసి పంపాలి. సగం మార్కులు దానికే. "పెద్ద పెద్ద మాటలు వద్దు. ఇంట్లో మీవాళ్లకు ఎలా చెబుతారో అలా చెప్పుకోండి, దాన్నే ఇంగ్లీషులో పెట్టండి," అని మరీ మరీ చెప్పింది.

మా కొంప ముంచింది ఆ మాటే. ఆ పిల్ల తప్పేం లేదు, మంచి సలహానే ఇచ్చింది. మేమిద్దరం అక్షరం పొల్లుపోకుండా పాటించాం.

మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. ఉతికిన బట్టలు మడతపెట్టడానికి నేనూ చిట్టీ కూర్చున్నప్పుడు చిన్నోడి సంగతి వచ్చేది. చిన్నోడు నా కొడుకు. పది నెలలు బతికాడు. వాడు పోయిన రోజు సంగతి నేను చిట్టికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పకపోతే నాకు ఊపిరి ఆడేది కాదు. చిన్నప్పుడు అది దుప్పటి కొస పట్టుకుని, "అమ్మా, చిన్నోడిది చెప్పు," అనేది. నేను మొదలుపెట్టేదాన్ని. బయట వాన. మీ నాన్న డాక్టరు కోసం పోయారు. నేను తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను. ముందు వాడి అరికాలు చల్లబడింది. కిటికీలోంచి గాలి వస్తోందనుకుని లేచి కిటికీ మూశాను. వచ్చి చూస్తే రెండో కాలూ చల్లగా ఉంది. ఒక మాట అటూ ఇటూ అయితే చిట్టే సరిదిద్దేది. "కాదమ్మా, ముందు అరికాలు, తర్వాత కిటికీ." ఏళ్ల తరబడి చెప్పి చెప్పి ఆ మాటలు అరిగి నున్నగా అయిపోయాయి.

ఇక నేను వేరే ఏ రోజు గురించి రాస్తాను? కిటికీ అనగానే నా చెయ్యి అక్కడికే పోయింది. ఆదివారం మధ్యాహ్నం ఇస్త్రీబల్ల దగ్గర కూర్చుని, తెలియని మాట వచ్చినప్పుడల్లా కేకేసేదాన్ని.

"చిట్టీ, అరికాలుని ఏమంటారే?"

అది వంటింట్లోంచే చెప్పేది.

"తడిగుడ్డ మార్చడాన్ని?"

అదీ చెప్పింది. ఆలోచించుకోకుండా, ఎప్పుడో కూర్చిపెట్టుకున్నట్టు టకటకా చెప్పింది. చదువుకున్న పిల్ల కదా అనుకుని మురిసిపోయాను. ఏం రాస్తున్నావని అది నన్ను అడగలేదు. నువ్వు ఏం రాశావని నేనూ అడగలేదు. దానిది అప్పటికే పంపేసింది. నేను గడువు చివరి రోజు పంపాను.

తర్వాత వారం నాకు ఒక ఉత్తరం వచ్చింది, కంప్యూటర్లోనే. చిట్టి అప్పుడు కాలేజీలో ఏవో కాగితాలు చూపించడానికి పోయింది. మా ఆయన భోజనానికి వచ్చి ఉన్నారు. ఇద్దరం కలిసి కూడబలుక్కుని చదివాం. వచ్చిన వ్యాసాలన్నిటినీ ఒకదానితో ఒకటి పోల్చి చూసే యంత్రం ఒకటి ఉందట. నా వ్యాసంలో సగానికి పైగా ఇంకొకరి వ్యాసంతో కలిసిపోయిందట. ముందు అందినదాన్ని అసలుగా, తర్వాత అందినదాన్ని నకలుగా లెక్కవేస్తారట. నకలు రాసినవారి పరీక్ష రద్దు, రెండేళ్లదాకా మళ్లీ రాయడానికి లేదు. అలా కాదు, ముందు పంపినవారే మీ దగ్గర తీసుకున్నారంటే విచారణలో చెప్పుకోవచ్చు, రుజువైతే రద్దయ్యేది వారి పరీక్ష అని రాశారు. కింద రెండు వ్యాసాలూ పక్కపక్కన పెట్టారు. కలిసిన చోటల్లా పసుపు రంగు పూశారు. రెండో వ్యాసం చిట్టిది.

"ఇదేం పిచ్చి? ఆ సంగతి నీదే కదా! అది నీ నోట విన్నదే కదా!" అన్నారు మా ఆయన.

"ఉండండి, చదవనివ్వండి," అన్నాను.

ఎండాకాలమంతా నేర్చుకున్న ఇంగ్లీషు నాకు ఆ ఉత్తరం చదవడానికే పనికొచ్చింది. వాన, తడిగుడ్డ, అరికాలు, కిటికీ. అన్నీ నా మాటలే, నా వరసే. పసుపు రంగు కిందికి దిగుతూ దిగుతూ ఒకచోట ఆగిపోయింది. ఆ తర్వాత నాలుగైదు వాక్యాలు ఉత్త తెల్లగా ఉన్నాయి. నా వ్యాసంలో లేనివి. వేలు పెట్టి చదివాను.

నన్ను పక్కింట్లో వదిలారు. నేను వానలో తడుచుకుంటూ వచ్చేశాను. తమ్ముడి టోపీ మా పక్క మీద ఉంది. టోపీ పెడితే వాడికి చలి తగ్గుతుందని తెచ్చి గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ కిటికీ మూసి వెనక్కి తిరిగింది. నన్ను చూడలేదు. చాలాసేపు నిలబడ్డాను. తర్వాత టోపీ నేనే పెట్టుకుని వెళ్లి పడుకున్నాను.

అప్పుడు దానికి నాలుగేళ్లు. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదన్నాను కదా, అన్నిసార్లలో ఒక్కసారి కూడా నేను చిట్టిని ఆ గదిలోకి రానివ్వలేదు. రానివ్వకపోవడం కాదు, అది వచ్చిందని నాకు తెలియదు. అది దుప్పటి కొస పట్టుకుని కూర్చుని, తను లేని ఆ సంగతిని నా నోట వింటూ పెరిగింది. ఎప్పుడైనా అందులోకి తనూ వస్తుందేమో అని వినేదేమో.

మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఏమైంది? ఏం రాసింది?" అన్నారు.

"ఏం లేదు. నేను చెప్పిందే రాసింది," అన్నాను. ఆయనకు అంత ఇంగ్లీషు రాదు.

సాయంత్రం అత్తగారితో సహా అందరూ నాకు లాయర్లయ్యారు, చిట్టి తప్ప. దానికి చెప్పవద్దని నేను ఒట్టు పెట్టించాను. "కథ ఇంట్లోదని చెప్పవే. ఇద్దరిదీ నిజమే అని చెప్పు. నోరున్నదానివే కదా," అంది అత్తగారు. ఆవిడకు ఆ రోజు హాస్యం రాలేదు. ఆయాపని పోతే నేను ఏమైపోతానో ఆవిడకు తెలుసు. చిన్నోడు పోయాక గోడకేసి చూస్తూ కూర్చున్న నన్ను చెయ్యి పట్టుకుని ఆ పిల్లల గదిలో కూర్చోబెట్టి వచ్చింది ఆవిడే.

విచారణ రోజు చిట్టిని ఏదో పని చెప్పి బజారుకు పంపాను. తెర మీద ముగ్గురు కనిపించారు. ఒక పెద్దాయన, కళ్లద్దాల ఆవిడ, మా టీచరమ్మ. టీచరమ్మ ముఖం వాడిపోయి ఉంది.

"రెండో వ్యాసం రాసిన అమ్మాయి మీ కూతురేనా?" అన్నాడు పెద్దాయన.

"అవునండీ."

"ఎలా కలిసింది మరి?"

"అది మా ఇంట్లో జరిగిందండీ. మేమిద్దరం దాని గురించి చెప్పుకుంటూ ఉంటాం," అన్నాను.

కళ్లద్దాల ఆవిడ మంచిగానే అడిగింది. "జరిగిందా లేదా అని అడగడం లేదమ్మా. జరిగినందుకు మాకూ బాధగా ఉంది. మేం అడుగుతున్నది మాటల గురించి. ఈ మాటలు ముందు ఎవరివి? మీవా, ఆ అమ్మాయివా?"

టీచరమ్మ ముందుకు వంగింది. "చెప్పండమ్మా. మీవైతే మీవని చెప్పండి," అంది. ఆ పిల్లకు నిజం తెలుసు. తెలిసి, చెప్పమని కళ్లతో బతిమాలింది.

మాటలు నావే. నా కడుపులోంచి వచ్చినవి. నావని అంటే వానలు మొదలైనా నా గది నాకుంటుంది, కూతురి సీటు పోతుంది. అది నేను ముందే తేల్చుకున్నాను, అందులో గొప్పేం లేదు, ఏ తల్లయినా అంతే. నన్ను ఆపింది అదొక్కటే కాదు. ఆ తెల్ల వాక్యాలు కూడా నేను రాసి ఉండాల్సినవి, రాయలేదు. అవి లేనిదే ఆ రోజు పూర్తి కాదు. పూర్తిగా రాసింది అది. నేను రాసింది సగమే.

"అమ్మాయివేనండీ," అన్నాను. "దానికి తెలియకుండా చూసి రాశాను."

పెద్దాయన ఏదో రాసుకున్నాడు. కళ్లద్దాల ఆవిడ తల ఊపింది. నమ్మడానికి వాళ్లకు నిమిషం కూడా పట్టలేదు. నా వయసూ, నా ఇంగ్లీషూ, నా ఉద్యోగమూ చూశాక ఎవరైనా అలాగే నమ్ముతారు. టీచరమ్మ మాత్రం తెర ఆరిపోయేదాకా తల ఎత్తలేదు.

వానలు ఆ ఏడు తొందరపడి వచ్చాయి. పెద్ద మేడం నన్ను పంపించేస్తూ, "రూలు నాది కాదమ్మా, పోనీ వంటగదిలో ఉండు," అంది. వద్దన్నాను. గోడ అవతల పిల్లలు ఏడుస్తుంటే ఇవతల గిన్నెలు తోమడం నా వల్ల కాదు. నా చోట్లోకి సర్టిఫికెట్ ఉన్న అమ్మాయి ఒకతి వచ్చింది. మంచిదే పాపం, పిల్లాణ్ని ఎత్తుకోవడం కూడా వచ్చు. వాళ్లను ఒక్కొక్కర్నీ దాని చేతికిచ్చాను. భుజం మీద నిద్రపోయే మొండివాడు దాని భుజం మీద కూడా నిద్రపోయాడు. వాడు ఏడుస్తాడనుకున్నాను. ఏడిస్తే బాగుండేది.

చిట్టి పాసయింది. సీటు వచ్చింది. నేను తప్పానని చెప్పాం. అయ్యో అంది, మళ్లీ రాద్దువులే అంది. కాలేజీ పెట్టె సర్దుకుంటున్న రోజు మా ఆయన నోరు జారారు. ఎన్నాళ్లని దాస్తారు, నోట్లో నువ్వుగింజ నానని మనిషి. అది విని చిట్టి ఏడవలేదు, అరవలేదు. మడతపెడుతున్న బట్టలు వదిలేసి నా దగ్గరకొచ్చి కూర్చుంది.

"నాది చదివావా?" అంది.

"చదివాను."

"మొత్తం?"

"మొత్తం."

బయట వాన పడుతోంది. ఏమైనా అంటానని అది చూస్తోంది.

"సీటు సంగతి సరే అమ్మా. నువ్వు చేసింది నేను ఎలాగూ తీర్చుకోలేను," అంది చివరికి. "ఒక్కటి చెప్పు చాలు. నువ్వు కిటికీ మూసి వెనక్కి తిరిగావు కదా. నేను గుమ్మంలో ఉన్నాను. నీకు కనిపించానా?"

నేను వెతికాను. దేవుడి సాక్షిగా వెతికాను. ఆ గది నాకు మూలమూలా గుర్తే. నీళ్ల గిన్నె, దాని అంచు మీద తడిగుడ్డ, కిటికీ గడియ, మంచం కింద నా చెప్పులు. గుమ్మం కూడా గుర్తే. గుమ్మంలో ఎవరూ లేరు.

"కనిపించావే," అన్నాను. "చేతిలో టోపీ పట్టుకుని ఉన్నావు."

చిట్టి నా ముఖంలోకి చూసింది, చాలాసేపు. తర్వాత నా చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది, రోగిని ఊరడించినట్టు. "సరేలే అమ్మా," అంది. లేచి వెళ్లి మిగిలిన బట్టలు పెట్టెలో సర్దుకుంది.

ఆ ఏడు నేను ఆడినవాటిలో పెద్ద అబద్ధాలు రెండు. మొదటిదాన్ని ముక్కూ మొహం తెలియని ముగ్గురి ముందు ఆడితే ఇద్దరు ఇట్టే నమ్మేశారు. రెండోదాన్ని కడుపున పుట్టిన పిల్ల నమ్మలేదు. ఆ రెండోదాన్ని నమ్మించడానికి నా ప్రాణమైనా ఇచ్చేదాన్ని.